పాలదోషం

మాచర్ల స్టేషన్లో దిగి బజారు వైపు నడిస్తే ఎడమచేతి పక్కన చలమయ్య కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక దొడ్డి. ఉప్పూ పప్పూ, మేకులూ మొలతాళ్ళూ, ఏది కావాలన్నా ఆ కొట్లో దొరికేది. యుద్ధం ముమ్మరంగా సాగుతూ ఊరంతా కిరసనాయిలు కోసం అల్లాడుతున్నప్పుడు కూడా, చలమయ్యనడిగితే సీసాడు ఇప్పిస్తాడులే అనేవాళ్ళు. అంత కలిగిన ఇల్లు. ఏం లాభం? ఆ ఇంట్లో చంటిబిడ్డ నిలిచేది కాదు.

చలమయ్య భార్య శివపార్వతి నకరికల్లు ఆడపడుచు. కాపరానికొచ్చాక ఇద్దర్ని కన్నది, ఇద్దర్నీ మట్టిలో పెట్టింది. మొదటివాడు బ్రహ్మానందం. బొద్దుగా పుట్టాడు. బోర్లాపడితే బొబ్బట్లు పంచారు. అడుగులేస్తే అరిసెలు వండుదామనుకుంటుండగానే వాడికి ఏడుపు పట్టుకుంది. ఒకటే ఏడుపు. ఏది నోట్లో పెట్టినా సయించదు, నిద్ర లేదు. పొట్ట ఉబ్బింది. కుడిపక్క డొక్క కింద చెయ్యేస్తే నాపరాయి ముక్క తగిలినట్టు గట్టిగా తగిలేది. కడుపులో బల్ల పెరిగిందన్నారు. పొట్ట మీద వాతలు పెట్టించారు, పసరు పోయించారు. కళ్ళు పచ్చబడ్డాయి, పిల్లాడు పోయాడు. రెండోది సుశీల. దానికీ అదే ఏడుపు, అదే బల్ల, అవే వాతలు. అదీ పోయింది.

ఊళ్ళో నోళ్ళు ఊరుకుంటాయా? నూతి దగ్గర ఒకామె అంది, ఇంకొకామె అందుకుంది. "ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పోతున్నారంటే అది పాలదోషమే. తల్లిపాలే విషమైతే బిడ్డ ఎట్టా బతుకుద్ది? కంచే చేను మేస్తంటే ఇంగ ఎవరితో చెప్పుకుంటాం?" ఆ మాట చేదతాడు పట్టుకుని నిలబడ్డ శివపార్వతికి వినపడాలనే అన్నారు. వినపడింది. నీళ్ళ బిందె చంకనెత్తుకుని ఇంటికొచ్చి, వంటింట్లో మూల కూర్చుని, తన రొమ్ముల వంక తనే పరాయిదానిలా చూసుకుంది.

అత్తగారు నాంచారమ్మకి ఆ మాట చేరడానికి ఎంతసేపు? అయితే ఒకటి చెప్పాలి. నాంచారమ్మ గయ్యాళి కాదు. ఆవిడే గనక గయ్యాళి అయితే ఈ కథ తేలిగ్గా తేలిపోయేది, నాలుగు తిట్లు తిట్టి లేచిపోయేవాళ్ళం. నోరు గట్టిదే కానీ, మనవడు పోయినప్పుడు మూడురోజులు పచ్చిమంచినీళ్ళు ముట్టలేదు. మనవరాలు పోయాక చెన్నకేశవస్వామి గుడికి వెళ్ళడమే మానేసింది. "ఆయన మొహం నేను చూడను. నా మొహం ఆయన చూడొద్దు" అనేది. మొగుడు పోయాక గంపలో పసుపూ కుంకం పెట్టుకుని ఊళ్ళు తిరిగి ఆ కొట్టు నిలబెట్టిన మనిషి. ఎవరి కోసం నిలబెట్టిందో ఆ పిల్లలు లేకపోతే ఆవిడకి ఆ కొట్టెందుకు, ఆ గల్లాపెట్టెందుకు?

శివపార్వతికి మూడో కానుపు దగ్గరపడ్డప్పుడు సామ్యేలు డాక్టరు మాచర్ల రావడం మొదలైంది. పిల్లల కార్జం జబ్బు మీద పరిశోధన చెయ్యమని ఆయన్ని పట్నం నుంచి పంపించారు. నెలకోసారి గుంటూరు బండిలో దిగేవాడు. స్టేషన్ పక్క సత్రంలో రెండు గదులు తీసుకుని, పొట్ట ఉబ్బిన పిల్లలుంటే తీసుకురండని చాటింపు వేయించేవాడు. బక్కపలచటి మనిషి, మెత్తటి మాట. బిడ్డ పొట్ట మీద చెయ్యేసే ముందు చలవకి బిడ్డ ఉలిక్కిపడకుండా రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చజేసుకునేవాడు. ఆ ఒక్క పని చూసే శివపార్వతికి ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఆయన చానా ఇళ్ళు తిరిగాడు. తిరిగి కనిపెట్టిందేంటంటే, ఈ జబ్బు కలిగిన ఇళ్ళలోనే వస్తోంది. క్వారీలో రాళ్ళు మోసేవాళ్ళ పిల్లలకి లేదు. వచ్చిన ఇంట్లో మాత్రం ఒకే కడుపున పుట్టినవాళ్ళని వరసగా తీసుకుపోతోంది. "తల్లి దగ్గర్నుంచి బిడ్డకి ఏదో చేరుతోందేమో అని నా అనుమానమమ్మా. పాలలోనేమో. తేలలేదు. అనుమానమే. ఈసారి పుట్టే బిడ్డకి మీ పాలు ఇవ్వకుండా చూద్దాం. ఆవుపాలు బాగా కాచి పట్టండి. గిన్నె మాత్రం అద్దంలా ఉండాలి" అన్నాడు.

ఆయన అనుమానమనే అన్నాడు పాపం. డాక్టరు అనుమానమంటే ఊరికి తీర్పు కాదూ? నూతి దగ్గరి మాటకి పట్నం ముద్ర పడింది.

మగపిల్లాడు పుట్టాడు. పుట్టినవాళ్ళు నిలవని ఇళ్ళలో చేసే తంతు ఉంది కదా, అదీ జరిపించారు. ఎంగిలి విస్తళ్ళ కుప్ప మీద బిడ్డని పడుకోబెట్టి, దేవుడికి కూడా అక్కర్లేని బిడ్డ అన్నట్టు వదిలేసి అందరూ మొహాలు తిప్పుకున్నారు. పోలమ్మ వచ్చి ఎత్తుకుంది. పోలమ్మ నాపరాళ్ళ క్వారీలో రాళ్ళు కొట్టే యల్లమంద పెళ్ళాం. పని లేనప్పుడు ఈ ఇంటి దొడ్లో కారం దంచడానికొచ్చేది. అప్పుడు ఆమెకీ నెలలు నిండాయి. "నాకు దొరికాడు, నీకిస్తన్నా, పెంచుకో" అని బిడ్డని శివపార్వతి ఒళ్ళో పెట్టింది. పుల్లాకుల్లో దొరికాడు గనక పుల్లయ్య అని పేరు పెట్టారు.

ఒళ్ళో పెట్టిన బిడ్డ రొమ్ము వెతుక్కున్నాడు. నాంచారమ్మ వచ్చి మెల్లిగా తీసుకుపోయింది. "వద్దులేవే పార్వతీ. బతకనిద్దాం" అంది. తిట్టినా బాగుండేది.

పాలు ఎండిపోవాలని రొమ్ములకి మల్లెపూలు పెట్టి గుడ్డతో బిగించి కట్టారు. పూలు వాడిపోతే కొత్తవి పెట్టారు. పాలు ఎండలేదు. పక్కగదిలో పుల్లయ్య ఏడిస్తే చాలు, కట్టిన గుడ్డ తడిసిపోయేది. గడ్డలు కట్టి జ్వరం వచ్చేది. ఆ నొప్పి పడలేక గొడ్ల చావిడి వెనక్కి పోయి పాలు నేలకి పిండేసేది. మల్లెపూల వాసన ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ గిట్టలేదు.

పుల్లయ్య పెంపకం నాంచారమ్మ చేతిలోకి వెళ్ళింది. శివపార్వతి పుట్టింటివాళ్ళు మొదటి కానుపుకే కోటప్పకొండ తిరనాళ్ళలో కొని తెచ్చిన ఇత్తడి పాలగిన్నె ఉంది. మొదటి ఇద్దరికీ తల్లిపాలకి తోడు ఆవుపాలు పట్టిందీ దాంతోనే, పిల్లలు ముగ్గురికీ అదే గిన్నె. తెల్లారకుండానే ఆవిడ తన చేతుల్తో ఆవుని పితికి, ఆ గిన్నెలో కాచి, దాలి మీద పెట్టేది. పిడకల సెగకి పాలు రోజంతా గోరువెచ్చగా ఉండేవి. మట్టిదుత్త అయితే శుభ్రం కాదని డాక్టరు ఉద్దేశం, ఆవిడ ఉద్దేశం కూడా. రోజూ చింతపండు, బూడిద వేసి తోమేది. కోడల్ని కూడా ముట్టుకోనిచ్చేది కాదు. చింతపండు పులుపుకి ఆవిడ వేళ్ళు పగిలిపోయాయి. కళాయి మౌలాలీ కొలిమి మోసుకుంటూ ఊళ్ళోకొస్తే పులుసుగిన్నెలన్నీ బయటపెట్టేది కానీ ఆ గిన్నె ఇచ్చేది కాదు. "పాలకి కళాయి ఏందిరా, పులుసా కిలుం పట్టడానికి? నీ తగరం వాసన నా మనవడికి పట్టించాలా?" అనేది. మౌలాలీ నవ్వి, "నీ ఇష్టం అవ్వా" అని పులుసుగిన్నెలు పట్టుకుపోయేవాడు.

డాక్టరు కూడా తన పని తను చేశాడు. నూతి నీళ్ళు పట్టుకెళ్ళాడు. ఆవు ఏ గడ్డి మేస్తుందో అడిగాడు. పాలలో బెల్లం వేస్తారా, ఆముదం ఎన్నాళ్ళకోసారి పడతారు, అన్నీ అడిగాడు. ఆవుపాలు కూడా పరీక్షకి పంపాడు. ఎట్టా పట్టుకెళ్ళాడు? మందేసి కడిగిన గాజుసీసా తెచ్చి, ఆవు పొదుగు కిందే పెట్టి, ఒక్క చుక్క ఎక్కడా తగలకుండా పట్టుకెళ్ళాడు! పాలు మేలైనవని జవాబు వచ్చింది. మేలైనవి కాక? పొదుగులో పాలకేం జబ్బు?

అయ్యా, ఆవునడిగావు, గడ్డినడిగావు, నూతినడిగావు. గిన్నెనడగలేదే! ఇప్పుడు మనకి తెలుసు కాబట్టి అంటున్నాం. కళాయి లేని ఇత్తడిలో పాలు కాచి గంటలతరబడి ఉంచితే ఇత్తడిలో ఉండే రాగి ఆ పాలల్లోకి దిగుతుందనీ, నెలల పిల్లల కార్జం దాన్ని ఓర్చుకోలేక రాయైపోతుందనీ ఆ తర్వాత ముప్పై ఏళ్ళు దాటాక గానీ డాక్టర్లు అనలేదు. అప్పటికి ఆ మాట ఇంకా పుట్టలేదు. సామ్యేలు తప్పని ఎట్టా అంటాం? నాంచారమ్మ తప్పని అసలే అనలేం. కానీ కడుపు మండుతుంది.

పుల్లయ్య పుట్టిన కొద్దిరోజులకే పోలమ్మకి ఆడపిల్ల పుట్టింది. అంకమ్మ అని పేరు పెట్టుకున్నారు. రెండో నెలలో పోలమ్మ చలిజ్వరంతో పడిపోయింది. లేచీ లేవగానే బిడ్డని గుడ్డలో చుట్టుకుని ఊగుతూ తూగుతూ దొడ్డిదారిన వచ్చింది, గంజికి నాలుగు నూకలు అడుగుదామని. గొడ్ల చావిడి వెనక శివపార్వతి పాలు నేలకి పిండుతూ కనపడింది.

"అమ్మా, అయి పారబోస్తన్నావా?" అంది పోలమ్మ.

శివపార్వతి గబుక్కున పైట కప్పుకుంది. "దగ్గరికి రాబాకు పోలమ్మా. అది విషం."

"నాకు పాలెండిపోయినై. గంజి పోస్తే కక్కుతంది. నిన్నటిదాకా ఏడిసింది, ఇయ్యాల ఏడవటం కూడా మానేసింది." పోలమ్మ గుడ్డ తీసి చూపించింది. బిడ్డ మొహం ముసలిదాని మొహంలా ముడతలు పడి ఉంది. "నీ విషం ఎన్నాళ్ళకి చంపుద్దమ్మా?"

"ఏడాదికి... ఏడాది దాటాక."

"ఆకలి రేపే చంపుద్ది. ఏడాదంటే నాకు చానా ఎక్కువ. ఇయ్యమ్మా."

"నా వల్ల కాదు. ఇద్దర్ని చంపుకున్నా."

"నా బిడ్డ పాపం నీకంటదులే. నేనే అడుగుతన్నా. పట్టు."

శివపార్వతి చుట్టూ చూసింది. ఎవరూ లేరు. బిడ్డని తీసుకుంది. అంకమ్మకి మొదట పట్టుకునే ఓపిక కూడా లేదు. నోట్లో పిండితే చప్పరించింది. తర్వాత పట్టుకుంది. శివపార్వతి గోడకి చేరబడి, పైటచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరి బిడ్డకి ఎవరి పాలు? ఇంట్లో తన బిడ్డ ఇత్తడి గిన్నెలో పాలు తాగుతుంటే, తను రాళ్ళు కొట్టేవాళ్ళ బిడ్డకి విషం పోస్తోంది. అట్టా అనుకుంది పిచ్చితల్లి.

ఆ రోజు నుంచి పోలమ్మ కారం దంచే వంకతో వస్తూనే ఉంది. శివపార్వతి పాలిస్తూనే అంకమ్మ కుడి డొక్క కింద చెయ్యేసి చూసేది. మెత్తగా ఉండేది. ఇంట్లోకొచ్చి పుల్లయ్య డొక్క చూసేది. మెత్తగానే ఉండేది. రోజూ అదే పని. అంకమ్మకి ఒళ్ళొచ్చింది, బుగ్గలొచ్చాయి. పోలమ్మ మురిసిపోతుంటే శివపార్వతికి భయమేసేది. బ్రహ్మానందమూ ఇట్టాగే బొద్దుగా ఉండేవాడు కదా మరి.

పుల్లయ్యకి పాకడం వచ్చింది. కొట్లోకి దూరి కందిపప్పు బస్తా మీదెక్కి కూర్చునేవాడు. చలమయ్య వాణ్ణి ఒళ్ళో పెట్టుకునే బేరాలు చేసేవాడు. నాంచారమ్మ ఆ ఏడు మళ్ళీ గుడికెళ్ళింది. ఆ ఇంట్లో నవ్వులు వినపడ్డ రోజులవి.

ఒకరోజు నీళ్ళు పోస్తూ శివపార్వతి వాడి డొక్క కింద చెయ్యేసింది. రాయి తగిలింది.

అరవలేదు. ఎవరితోనూ అనలేదు. పిల్లాడికి ఒళ్ళు తుడిచి, చొక్కా తొడిగి, కాటుక పెట్టింది. తర్వాత దొడ్లోకి పరుగెత్తి, కారం దంచుతున్న పోలమ్మ దగ్గర అంకమ్మని లాక్కుని డొక్క నొక్కి చూసింది. మెత్తగా ఉంది. పక్కటెముకల కింద నుంచి బొడ్డుదాకా నొక్కింది. అంకమ్మకి చక్కిలిగిలి పుట్టి పకపకా నవ్వింది. శివపార్వతి రోటి పక్కన కూలబడిపోయింది. నా పాలు తాగింది నవ్వుతోంది. తాగనివాడికి రాయి వచ్చింది. మరి విషం ఎవరి దగ్గరుంది?

డాక్టరు వచ్చిన రోజు, గుడికని చెప్పి పుల్లయ్యని చంకనేసుకుని సత్రానికెళ్ళింది. వెనకే పోలమ్మ, దాని చంకలో అంకమ్మ. శివపార్వతి దాచుకోకుండా అంతా చెప్పేసింది. "మీరు వద్దన్నారు. నేను ఈ బిడ్డకిచ్చాను. చంపితే చంపానని చెప్పండి, కాకపోతే కాదని చెప్పండి" అంది.

సామ్యేలు అరచేతులు రుద్దుకున్నాడు. ముందు పుల్లయ్య పొట్ట చూశాడు. మొహం చిన్నబోయింది. తర్వాత అంకమ్మ పొట్ట చూశాడు. మళ్ళీ పుల్లయ్యది. కింద వదిలిన అంకమ్మ బల్లకాలు పట్టుకుని లేచి, రెండడుగులేసి, దబ్బున కూర్చుంది. ఆయన ఆ పిల్ల వంకే చూస్తూ ఉండిపోయాడు.

"ఈ అబ్బాయికి మీ పాలు ఒక్కసారన్నా పట్టారా?"

"నోటికి తగల్నివ్వలేదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను పొరపాటు పడ్డానమ్మా. మీ పాలు కాదు."

"మరేంది?"

"తెలియదు. ఆవుపాలా అంటే పరీక్ష చేయించాను. నీళ్ళు చూశాను. నాకు తెలియదు తల్లీ."

"ఇప్పుడు నా పాలిస్తే బతుకుతాడా?"

"ఇవ్వండి" అన్నాడు. బతుకుతాడని అనలేదు. ఆమె ఆ తేడా గమనించలేదు. గమనించినా గమనించనట్టే ఇంటికి పరుగెత్తింది.

ఇంటికొచ్చి తలుపేసుకుని పుల్లయ్యని ఒళ్ళో వేసుకుంది. పాలున్నాయి, అంకమ్మ పుణ్యమా అని ఇంకా నిండుగా ఉన్నాయి. వాడు రొమ్ము వంక చూశాడు. వాడికదేంటో తెలియదు. పెదాలకి తగిలిస్తే మొహం తిప్పుకున్నాడు. నోట్లో పిండితే ఉమ్మేశాడు. "తాగు నాయనా, తాగు నా తండ్రీ" అని బతిమాలింది. వాడు రెండు చేతుల్తో ఆమెని తోసేసి వంటింటి వైపు చెయ్యి చూపించి ఏడ్చాడు. గిన్నె కావాలి వాడికి.

ఆ ఏడుపుకి నాంచారమ్మ తలుపు తోసుకొచ్చింది. చూసింది. "ఏమే! వీణ్ణి కూడానా? వీణ్ణి కూడా మింగుతావా?" అని బిడ్డని లాగేసుకుంది.

"నా పాలు కాదత్తయ్యా! డాక్టరే అన్నాడు, నా పాలు కాదని!"

"ఆ డాక్టరే అవునన్నాడు. ఇప్పుడు కాదన్నాడా? నీకోసం అబద్ధం చెప్పాడా, నువ్వే అల్లావా?"

చలమయ్య కొట్లోంచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. మంచివాడే. తక్కెడ పట్టిన చెయ్యి కదా, ఎటూ మొగ్గలేకపోయాడు. "అమ్మ చెప్పినట్టు విను పార్వతీ" అన్నాడు చివరికి. బిడ్డ అవ్వ భుజం మీద వెక్కుతూ గిన్నె వైపు చూస్తున్నాడు. నాంచారమ్మ దాలి మీద నుంచి వెచ్చటి పాలు తీసి పట్టింది. వాడు గుటగుటా తాగి ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఎంతోకాలం పట్టలేదు. పొట్ట ఉబ్బింది, కళ్ళు పచ్చబడ్డాయి. ఈసారి వాతలు మాత్రం పెట్టనివ్వలేదు శివపార్వతి, కత్తిపీట అడ్డం పెట్టుకుని కూర్చుంది. వాడికి ఆఖర్న పాలు కూడా సయించలేదు. ఒక మధ్యాహ్నం, కొట్లో జనం ఉండగా, అవ్వ ఒళ్ళో పడుకుని అమ్మ వేలు పట్టుకుని పోయాడు. ఈసారి కూడా ఆ ఇంట్లో అడుగుల అరిసెలు వండలేదు.

సామ్యేలు ఆ రోజు సత్రంలోనే ఉన్నాడు. కబురు విని వచ్చి వీధి అరుగు దగ్గర నిలబడ్డాడు. చలమయ్యని పక్కకి పిలిచి, తల దించుకుని అడిగాడు. మట్టి చేసేముందు ఒక్క గంట బిడ్డని తనకిస్తే, కార్జం చూస్తానని. ఏం జరిగిందో తెలిస్తే రేపు ఇంకో తల్లికి పనికొస్తుందని. చలమయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. చుట్టాలు కొట్టడానికి లేచారు. "పోయిన బిడ్డని కోస్తావా? నువ్వు మనిషివా?"

శివపార్వతి బిడ్డని గుడ్డలో చుట్టుకుని గడప దాటి వచ్చింది. జనం పక్కకి తప్పుకున్నారు.

"ఇస్తాను" అంది. "కానీ మీరొక మాటియ్యాలి. నా పాలు కాదని నాతో సత్రంలో చెప్తే నాకు సరిపోదు. ఈ ఇంటికొచ్చి, మా అత్తయ్య ముందు, మా ఆయన ముందు చెప్పాలి. నా ముగ్గురు బిడ్డల్ని నేను చంపుకోలేదని చెప్పాలి."

"చెప్తానమ్మా" అన్నాడు.

ఆమె బిడ్డని ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన చేతులు రుద్దుకోవడం మర్చిపోయాడు. "చేతులు చల్లగా ఉన్నాయి బాబూ" అంది శివపార్వతి. ఆ మాటకి అప్పటిదాకా తిడుతున్నవాళ్ళు కూడా ఏడ్చారు.

మాట తప్పలేదాయన. తర్వాతి నెల బండి దిగి నేరుగా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చోబోతుంటే శివపార్వతి "లోపలికి రండి" అంది. సామ్యేలంటే ఎవరో, ఏ కులమో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నాంచారమ్మ తలెత్తి చూసి, ఏమీ అనకుండా పీట వేసింది. చలమయ్య కొట్టు మూసి వచ్చి స్తంభం దగ్గర నిలబడ్డాడు.

"కార్జమంతా గట్టిపడి కుంచించుకుపోయింది. పెద్ద డాక్టర్లు కూడా చూశారు. ఎందుకట్టా అయిందో వాళ్ళకీ తెలియలేదు" అన్నాడు సామ్యేలు. "కానీ ఒకటి తెలిసింది. మీ కోడలి పాలు తాగి పోలమ్మ బిడ్డ బతికింది. తాగకుండా మీ మనవడు పోయాడు. ఈ అమ్మ పాలలో ఏ దోషమూ లేదు. ఉందేమోనని అన్నది నేనే. ఆ మాట వెనక్కి తీసుకోవడానికే వచ్చాను. నన్ను క్షమించండి."

శివపార్వతి ఈ మాట కోసం నెలరోజులు కాచుకుని కూర్చుంది. విన్నాక గుండె తేలికపడుతుందనుకుంది. పడలేదు. నేను పాలిచ్చి ఉంటే వాడిప్పుడు నడిచేవాడు, అనుకుంది అంతే. చలమయ్య స్తంభానికి తల ఆనించుకుని, "పార్వతీ" అన్నాడు.

నాంచారమ్మ వేళ్ళు పగిలిన చేతులు రెండూ ముందుకి చాచింది.

"అయితే నేనా బాబూ?" అంది. గొంతులో ఆ పాత గట్టిదనం లేదు. "ఆవుని పితికింది నేను. పాలు కాచింది నేను. ముగ్గురికీ పట్టింది నేను. దాని పాలు కాకపోతే ఇంగ మిగిలింది నేనేగా? దాచబాకు, చెప్పు. నా చేతుల్లో ఏవన్నా ఉందా?"

సామ్యేలు ఆ చేతులు చూశాడు. పొయ్యి పక్కన బోర్లించిన గిన్నె చూశాడు. పిల్లాడు పోయినా ఆవిడ రోజూ దాన్ని తోముతూనే ఉంది.

"ఆ గిన్నె ఒకసారి ఇట్టా ఇవ్వండమ్మా" అన్నాడు.

ఆవిడ తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకి తిప్పాడు. లోపల వేలుపెట్టి రాశాడు, వాసన చూశాడు. ఇత్తడి బంగారంలా మెరుస్తోంది. ఎక్కడా మసి లేదు, మరక లేదు, ఒక్క పాలచార లేదు.

"ఎన్ని ఇళ్ళో చూశానమ్మా" అన్నాడు. "పాలగిన్నె ఇంత శుభ్రంగా ఉంచిన ఇల్లు ఎక్కడా చూళ్ళేదు. మీరు చేసినట్టు ఏ అవ్వా చెయ్యదు. మీ చేతుల్లో ఏ తప్పూ లేదు. బెంగపెట్టుకోకండి."

గిన్నె తిరిగి ఆవిడ చేతికిచ్చేశాడు.

నాంచారమ్మ గిన్నెని గుండెకి హత్తుకుని బావురుమంది. మనవడు పోయాక ఆవిడ ఏడవడం అదే మొదటిసారి. కోడలు వెళ్ళి పక్కన కూర్చుంటే ఆమె భుజం మీద తలపెట్టింది. "నిన్నెంత మాటన్నానే తల్లీ" అంది. "పోనీలే అత్తయ్యా" అంది శివపార్వతి. కాసేపటికి ఆవిడే కళ్ళు తుడుచుకుని లేచింది. ఇంటికొచ్చిన మనిషిని ఉత్త కడుపున పంపకూడదని ఆ గిన్నెలోనే పాలు కాచి, బెల్లం వేసి, వెండిగ్లాసులో పోసి ఇచ్చింది. సామ్యేలు తాగాడు. బాగున్నాయన్నాడు. సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక నాంచారమ్మ దొడ్లో కూర్చుని చింతపండు వేసి గిన్నె తోమింది. కోడలు నీళ్ళు పోసింది.

"మళ్ళీ నీ కడుపు పండితే ఈసారి నువ్వే పాలియ్యి. నేను అడ్డం రాను" అంది నాంచారమ్మ. గిన్నెని నీరెండకి తిప్పి చూసుకుంది. "రొమ్ము మాన్పించాక ఆవుపాలకి ఈ గిన్నె ఉండనే ఉంది. దీన్ని ఎవరికీ ఇయ్యబాకు."

"ఇయ్యనులే అత్తయ్యా" అని శివపార్వతి గిన్నె తీసుకుని, లోపల చుక్క తడి లేకుండా పైటచెంగుతో తుడిచి, అలమర్లో పెట్టింది.